హాల్లో నానమ్మ గొంతు ఎందుకు వినబడలేదు?

ముందు ఏం జరిగిందో చెప్తాను. ఎందుకు జరిగిందో తర్వాత చూద్దాం.

జూలైలో సెమినార్ హాల్లో మన క్లబ్ మీటింగ్ జరిగింది కదా. ఇంట్లో పెద్దవాళ్ళని మాట్లాడించి రికార్డు చేసి తెమ్మన్నారు. నేను మా నానమ్మని రికార్డు చేశా. నానమ్మది శంషాబాద్ దగ్గర, ఎయిర్‌పోర్ట్‌కి దక్షిణం వైపున్న ఒక ఊరు. వయసులో ఉన్నప్పుడు అక్కడి ద్రాక్ష తోటల్లో కూలికి పోయేది. ఆ కథలన్నీ కలిపి 12 నిమిషాల ఫైలు తయారుచేశా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, నానమ్మ గొంతు తల చుట్టూ పరుచుకున్నట్టు ఎంత గొప్పగా ఉందో!

హాల్లో ప్లే నొక్కారు. ముందు నా గొంతు వచ్చింది. "నానమ్మా, తోటల పిట్టలు వాల్తే ఎట్ల తరిమెటోళ్ళు?"

తర్వాత ఏమీ లేదు. దూరంగా ఒక కుక్క మొరిగింది. ఒక విమానం వెళ్ళింది. మళ్ళీ నా గొంతు. "అబ్బో! గంత గట్టిగనా?"

మళ్ళీ నిశ్శబ్దం. ఇంకో విమానం.

రెండు నిమిషాలకి వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. ఎవరో "నానమ్మ ఫ్లైట్ ఎక్కి వెళ్ళిపోయింది రా" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఫైలు ఆపి, పరుగెత్తి వెళ్ళి నా ల్యాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టి విన్నా. నానమ్మ ఉంది. స్పష్టంగా ఉంది. స్పీకర్లలో మాత్రం లేదు.

అదే ఫైలు, అదే ల్యాప్‌టాప్. ఒక చోట మనిషి ఉంది, ఇంకో చోట లేదు. ఇది దెయ్యం పని కాదు, ఇంటర్మీడియట్ లెక్కే. స్టీరియో అంటే ఏంటో, మోనో అంటే ఏంటో తెలియకుండా చేతులు పెట్టినందుకు జరిగింది. క్లబ్ కోసం రికార్డింగులు చేసేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి, నేను పడ్డ గుంతలన్నీ వరసగా చూపిస్తాను.

ట్రాక్ అంటే ఒక అంకెల వరస

నేను వాడింది ఆడాసిటీ. ఉచితంగా దొరుకుతుంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడినా లోపల జరిగేది ఇదే.

మైక్ గాలిలోని ఒత్తిడి మార్పుని కరెంటుగా మారుస్తుంది. కంప్యూటర్ ఆ కరెంటుని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఒక్కో కొలతని శాంపిల్ అంటారు. మోనో ట్రాక్ అంటే ఇలాంటి అంకెల వరస ఒకటి. మన భాషలో చెప్పాలంటే ఒక అర్రే. స్టీరియో ట్రాక్ అంటే రెండు అర్రేలు. ఒకటి ఎడమ స్పీకర్‌కి, ఒకటి కుడి స్పీకర్‌కి వెళ్తుంది.

ఒక్కో శాంపిల్ 16 బిట్లు, అంటే 2 బైట్లు అనుకుంటే, నిమిషం మోనోకి సుమారు 5.3 ఎంబీ పడుతుంది. స్టీరియోకి 10.6 ఎంబీ. నా 12 నిమిషాల ఫైలు మోనో అయితే 64 ఎంబీ లోపే, స్టీరియో అయితే 127 ఎంబీ.

సైజు డబుల్ అని చూసి, నేను మొదట్లో క్వాలిటీ కూడా డబుల్ అనుకున్నా. మోనో అంటే పాత రేడియో, స్టీరియో అంటే కొత్తది అని మనసులో పడిపోయింది. నానమ్మని మోనోలో పెడితే తక్కువ చేసినట్టు అనిపించింది. నా తప్పులన్నిటికీ మూలం ఈ ఒక్క ఆలోచనే.

స్టీరియో అనే మాటకి గ్రీకులో అర్థం "రెండు" కాదు, "ఘనం". ఘనపరిమాణంలో ఉన్న ఘనం. అంటే ఆ మాట చెప్పేది శబ్దం ఎంత బాగుందనే సంగతి కాదు, శబ్దానికి చోటు ఉందనే సంగతి. ఏది ఎడమన ఉంది, ఏది కుడిన ఉంది, ఏది కదులుతోంది అన్నది.

రెండు చెవులు ఎందుకు?

కళ్ళు మూసుకున్నా బండి ఎటునుంచి వస్తోందో మనకి తెలుస్తుంది. కుడివైపు శబ్దం కుడి చెవికి కాస్త ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. మన తల చిన్నది కాబట్టి ఆ తేడా ఎంత ఎక్కువైనా సుమారు 0.6 మిల్లీసెకన్లు. శాంపిల్స్‌లో లెక్కేస్తే ఓ 26. అంత చిన్న తేడాని మెదడు పట్టేస్తుంది. దానికి తోడు తల అడ్డం రావడం వల్ల అటువైపు చెవికి శబ్దం కొంచెం తగ్గుతుంది. ఆలస్యం, తగ్గుదల, ఈ రెండింటినీ బట్టి మెదడు దిక్కు చెప్తుంది.

ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీర్ ఎలన్ బ్లమ్‌లైన్ దీని మీద 1931 డిసెంబర్‌లో పేటెంట్‌కి అప్లై చేశాడు. సినిమాలో నటుడు తెర మీద ఒక పక్కన ఉంటే మాట ఇంకో పక్కనుంచి రావడం ఆయనకి నచ్చలేదని చెప్తారు. 1935లో ఆయన టీమ్ హేస్ రైల్వే స్టేషన్‌లో వెళ్ళే రైళ్ళని స్టీరియో శబ్దంతో ఫిల్మ్ తీసింది. రైలే ఎందుకు? ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పోయే పెద్ద శబ్దం కాబట్టి. మా నానమ్మ వాళ్ళ ఊళ్ళో రైలు లేదు. దానికి బదులు ఏముందో మీకు తెలుసు.

మొదటి గుంత: నాన్న ఒక చెవి

ఏప్రిల్ సెలవుల్లో రికార్డు చేశా. రెండు కాలర్ మైకులు ఉన్న వైర్‌లెస్ సెట్ తీసుకెళ్ళా. ఒకటి నానమ్మ కొంగుకి, ఒకటి నా చొక్కాకి. ఆ సెట్‌లో మోనో, స్టీరియో అని రెండు మోడ్స్ ఉంటే, స్టీరియో ఎందుకు వదులుకోవాలని అదే పెట్టా. అంటే నా మైక్ ఎడమ ఛానల్లోకి, నానమ్మ మైక్ కుడి ఛానల్లోకి వెళ్ళాయి.

రాత్రి నాన్నకి ఫైలు పంపించా. నాన్న ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడుపుతాడు. పార్కింగ్‌లో తన నంబర్ వచ్చేదాకా ఒక చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని కూర్చుంటాడు. రెండో చెవి ఖాళీగా ఉండాలి, ఎవరైనా పిలిస్తే వినపడాలి కదా. పావుగంటకి ఫోన్ చేశాడు.

"ఏందిరా, అంత నువ్వే మాట్లాడుతున్నవ్? మా అమ్మ యాడుంది?"

నాన్న పెట్టుకున్నది ఎడమ ఇయర్‌బడ్. నానమ్మ ఉన్నది కుడిలో.

ఇది నాన్న ఒక్కడి సమస్య కాదు. కాలేజ్ బస్సులో ఇద్దరు చెరొక ఇయర్‌బడ్ పెట్టుకుని వినడం మనం రోజూ చేసే పనే. ఒక చెవి పనిచేయని వాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసమే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో "మోనో ఆడియో" అని ఒక ఆప్షన్ పెట్టారు. కానీ వినేవాడు వెతికి ఆ ఆప్షన్ ఆన్ చేసుకోవాలని రికార్డు చేసినవాడు అనుకోవడం పద్ధతి కాదు.

ఇద్దరు మనుషులు, రెండు మైకులు ఉంటే, ఫైల్లో రెండు ఛానల్స్ ఉన్నా అది నిజానికి స్టీరియో కాదు. రెండు మోనోలు ఒకే డబ్బాలో పెట్టినట్టు. మైక్ సెట్ అలా రికార్డు చేయడం మంచిదే, ఎడిటింగ్‌లో ఇద్దరి గొంతుల్ని విడిగా సరిచేసుకోవచ్చు. కానీ వినేవాళ్ళకి అలాగే పంపకూడదు.

రెండో గుంత: బావిలో మాట

సరే, మోనో చేద్దాం అని ట్రాక్స్ మెనూలో "మిక్స్ స్టీరియో డౌన్ టు మోనో" నొక్కా. ఇది చేసే పని సింపుల్. ఎడమ శాంపిల్, కుడి శాంపిల్ కలిపి రెండుతో భాగిస్తుంది. నానమ్మ గొంతు ఒక ఛానల్లోనే ఉంది కాబట్టి సగమైంది. డెసిబెల్స్‌లో చెప్తే 6 తగ్గింది. అది పెద్ద ఇబ్బంది కాదు, మళ్ళీ 6 పెంచితే సరిపోతుంది.

ఇబ్బంది వేరే వచ్చింది. నానమ్మ బావిలోంచి మాట్లాడుతున్నట్టు అయింది.

ఎందుకంటే నా కాలర్ మైక్ నా గొంతునే కాదు, ఒక మీటర్ దూరంలో కూర్చున్న నానమ్మ గొంతుని కూడా విన్నది. కానీ ఆలస్యంగా విన్నది. మీటర్ దూరానికి 343 మీటర్ల లెక్కన సుమారు 2.9 మిల్లీసెకన్లు, అంటే 128 శాంపిల్స్. రెండూ కలిపితే ఒకే మాట రెండుసార్లు, కొంచెం తేడాతో వస్తుంది. 172 హెర్ట్జ్ దగ్గర ఒక అల పైకి వెళ్తున్నప్పుడు ఆలస్యంగా వచ్చిన అల కిందికి వస్తుంది. రెండూ కొట్టుకుని తగ్గిపోతాయి. దానికి మూడింతలు, ఐదింతలు ఉన్న ఫ్రీక్వెన్సీల దగ్గర కూడా అంతే. గ్రాఫ్ గీస్తే దువ్వెన పళ్ళలా ఉంటుంది. దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు.

దీనికి సాఫ్ట్‌వేర్‌లో చేసే మందు: ట్రాక్ మెనూలో "స్ప్లిట్ స్టీరియో టు మోనో" నొక్కాలి. అప్పుడు రెండు విడి మోనో ట్రాక్స్ వస్తాయి, రెండూ మధ్యలో ఉంటాయి. దాని పక్కనే "స్ప్లిట్ స్టీరియో ట్రాక్" అని ఇంకోటి ఉంటుంది, అది నొక్కితే విడిపోతాయి కానీ ఎడమది ఎడమవైపే, కుడిది కుడివైపే ఉండిపోతాయి. పేర్లు దగ్గరగా ఉంటాయి, చూసుకుని నొక్కండి. విడదీశాక నానమ్మ మాట్లాడేటప్పుడు నా ట్రాక్‌ని సైలెన్స్ చేశా. నేను మాట్లాడేటప్పుడు ఆమె ట్రాక్‌ని చేశా. బావి మాయమైంది.

రికార్డు చేసేటప్పుడే తీసుకునే జాగ్రత్త కూడా ఒకటుంది. నోటికీ మైక్‌కీ ఎంత దూరమో, రెండు మైకుల మధ్య కనీసం దానికి మూడింతలు ఉండాలి. మైక్ నోటికి దగ్గరగా, మనుషులు ఒకరికొకరు కాస్త ఎడంగా. నానమ్మ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆ రూల్ అక్కడ చెల్లలేదు.

మూడో గుంత: అసలైనది

ఇక్కడితో ఆపి ఉంటే బాగుండేది. మోనోలో నానమ్మ గొంతు శుభ్రంగా ఉంది. కానీ హెడ్‌ఫోన్స్‌లో వింటే తల మధ్యలో ఒక చుక్కలా ఉందనిపించింది. "వెడల్పు" కావాలనిపించింది. ఒక వీడియోలో చిట్కా దొరికింది. మోనో ట్రాక్‌ని డూప్లికేట్ చెయ్యి, ఒకదానికి "ఇన్వర్ట్" ఎఫెక్ట్ పెట్టు, రెండూ కలిపి స్టీరియో ట్రాక్ చెయ్యి, అంతే.

ఇన్వర్ట్ అంటే ప్రతి శాంపిల్‌నీ మైనస్ ఒకటితో గుణించడం. 0.3 ఉంటే మైనస్ 0.3 అవుతుంది. విడిగా వింటే తేడా ఏమీ తెలియదు, చెవికి పైకీ కిందికీ తేడా ఉండదు. కానీ ఎడమ చెవికి ప్లస్, కుడి చెవికి మైనస్ వెళ్తే, అటువంటి శబ్దం ప్రకృతిలో ఎక్కడా ఉండదు కాబట్టి, మెదడు దానికి చోటు చూపించలేక తల చుట్టూ పరిచేస్తుంది. నేను "థియేటర్‌లా ఉంది" అని మురిసిపోయింది దానికే.

దాని కింద ఊరి శబ్దాల ట్రాక్ పెట్టా. కుక్కలు, కోళ్ళు, విమానాలు. అది ఒక సీనియర్ ఇచ్చిన చేతి రికార్డర్‌తో నిజమైన స్టీరియోలో తీసింది. నా ప్రశ్నలు మామూలు మోనోలో మధ్యలో ఉన్నాయి. వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేశా.

ఇప్పుడు హాల్‌కి రండి. అక్కడ గోడకి ఎడమవైపు స్పీకర్లూ ఉన్నాయి, కుడివైపు స్పీకర్లూ ఉన్నాయి. కానీ అన్నిటికీ వెళ్ళేది ఒకటే సిగ్నల్. మిక్సర్ ల్యాప్‌టాప్ నుంచి వచ్చిన ఎడమ, కుడి రెండింటినీ కలిపేస్తుంది. అది తప్పేం కాదు, పెద్ద హాల్లో అలా చేయడమే సరైన పని. లేకపోతే ఎడమ మూల కూర్చున్నవాడికి కుడివైపు ఉన్నది వినపడదు.

నానమ్మ గొంతుని న అనుకోండి. ఎడమలో న, కుడిలో మైనస్ న. కలిపితే?

సున్నా.

12 నిమిషాలు ఆమె మాట్లాడిన ప్రతి మాటకీ జవాబు సున్నా. నా ప్రశ్నలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి కాబట్టి బతికాయి. విమానాలు కూడా బతికాయి. ఆ రికార్డర్‌కి ముందు రెండు చిన్న మైకులు ఒకే చోట, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటాయి. దీన్ని ఎక్స్-వై అమరిక అంటారు. రెండూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి వాటి మధ్య ఆలస్యం ఉండదు, గట్టిదనంలో మాత్రమే తేడా ఉంటుంది. కలిపినా ఏదీ చచ్చిపోదు. మైకుల్ని అలా పెట్టడానికి ఉన్న పెద్ద కారణాల్లో అదొకటి.

ఎఫ్ఎం స్టీరియో పద్ధతిని తయారుచేసినవాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించారు. స్టీరియో ప్రసారంలో ఎడమ, కుడి అని రెండు విడిగా పంపరు. రెండింటి మొత్తాన్ని మామూలుగా పంపి, రెండింటి తేడాని 38 కిలోహెర్ట్జ్ దగ్గర విడిగా ఎక్కిస్తారు. పాత మోనో రేడియో మొత్తాన్ని తీసుకుని పూర్తి పాట వినిపిస్తుంది. కొత్త రేడియో మొత్తం, తేడా రెండూ తీసుకుని ఎడమ, కుడి రాబడుతుంది. నానమ్మ తోటలో ట్రాన్సిస్టర్ పెట్టుకుని వినే మీడియం వేవ్ అయితే మొత్తం మోనోనే. ఆకాశవాణి నాటకం వింటుంటే సగం మనుషులు మిస్సయ్యారని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

ఫైలు ఒక్కటే మిగిలింది

నవ్వులు పోతాయి, పర్వాలేదు. అసలు భయం ఆ రాత్రి హాస్టల్లో పట్టుకుంది. సరిచేద్దామని ప్రాజెక్ట్ కోసం వెతికా. లేదు. ఎక్స్‌పోర్ట్ అయింది కదా అని, మూసేటప్పుడు "సేవ్ చేయాలా" అని అడిగితే వద్దని నొక్కా. ఫోన్‌లో ఉన్న అసలు రికార్డింగులు స్టోరేజ్ నిండిందని జూన్‌లోనే తీసేశా. మిగిలింది ఆ ఒక్క వేవ్ ఫైలు.

మళ్ళీ రికార్డు చేయొచ్చు కదా అంటారు. చేయలేను. మే నెలలో నానమ్మ పళ్ళన్నీ తీయించుకుంది. ఇప్పుడు మాట ఇంకోలా వస్తోంది. ద్రాక్ష గుత్తుల మీద చిలుకలు వాలితే వడిసెల తిప్పుతూ, ఖాళీ డబ్బా కొడుతూ ఒక కేక వేసేవాళ్ళట. ఏప్రిల్‌లో అరుగు మీద కూర్చుని ఆ కేక వేసి చూపించింది. ఎదురింటి కోళ్ళు నిజంగానే ఎగిరిపోయాయి. ఆ తోటలు ఇప్పుడు లేవు. ఆ కేక కూడా ఇప్పుడు ఆమె నోట్లోంచి అలా రాదు. అది ఉన్నదల్లా ఆ ఫైల్లో, ప్లస్ మైనస్‌గా.

కాగితం తీసుకుని రాశా. ఎడమ ఛానల్ అంటే నానమ్మ, నా ప్రశ్నలు, ఊరి శబ్దం ఎడమ భాగం. కుడి ఛానల్ అంటే మైనస్ నానమ్మ, నా ప్రశ్నలు, ఊరి శబ్దం కుడి భాగం. రెండు సమీకరణాలు. కలిపితే నానమ్మ పోయింది. మరి తీసివేస్తే?

తీసివేస్తే నానమ్మ రెండింతలు అవుతుంది. రెండు వైపులా ఒకేలా ఉన్న నా ప్రశ్నలు పోతాయి. ఊరి శబ్దంలో కూడా మధ్యలో ఉన్నదంతా పోయి, ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రం పల్చగా మిగులుతుంది.

ఆడాసిటీలో చేసింది ఇంతే. ఫైలు తెరిచి స్ప్లిట్ స్టీరియో టు మోనో. రెండు ట్రాకుల్నీ 6 డెసిబెల్స్ తగ్గించా, కలిపాక పొంగి పగలకుండా. కింది ట్రాక్‌ని ఇన్వర్ట్ చేశా. రెండూ సెలెక్ట్ చేసి "మిక్స్ అండ్ రెండర్". ప్లే నొక్కా.

నానమ్మ ఒక్కతే. నా గొంతు లేదు. విమానం ఎక్కడో సన్నగా. కేక దగ్గరికి వెళ్ళి విన్నా. ఉంది. రాత్రి ఒంటిగంటకి ఆ కేక ఫోన్ స్పీకర్‌లో పెడితే రూమ్మేట్ లేచి కూర్చున్నాడు.

పాటల్లోంచి గొంతు తీసేసే పాత కరోకే చిట్కా కూడా ఇదే లెక్క. సినిమా పాటల్లో ప్రధాన గాయకుడి గొంతు సాధారణంగా మధ్యలో, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఒక వైపు నుంచి ఇంకో వైపు తీసేస్తే గొంతు తగ్గి వాయిద్యాలు మిగులుతాయి. గాయకుడిని తీసేయడానికి వాడే లెక్కతో నేను నానమ్మని వెనక్కి తెచ్చుకున్నా.

దీనికి ఇంకో ఉపయోగం ఉంది. మీకు ఎవరైనా స్టీరియో ఫైలు పంపితే, అది నిజంగా స్టీరియోనా, ఒకే మోనో రెండుసార్లు అతికించిందా అని తెలుసుకోవాలంటే, ఒక ఛానల్ ఇన్వర్ట్ చేసి కలపండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే. ఆ ఫైలు సగం సైజులో మోనోగా దాచుకోవచ్చు, ఏమీ పోదు.

మరి స్టీరియో ఎక్కడ?

ఇదంతా చదివి స్టీరియో వద్దే వద్దు అనుకోకండి. మధ్యలో కూర్చుని మాట్లాడే ఒక మనిషికి ఒక మైక్, ఒక మోనో ట్రాక్ చాలు. కానీ చోటు ఉన్నవాటికి స్టీరియో కావాలి. శంషాబాద్‌లో అలాంటిది ఆకాశంలోనే ఉంది.

మన ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిలో మొదలైంది, అప్పటికి నాకు రెండేళ్ళు. రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. పెద్దది 4,260 మీటర్లు. రన్‌వే చివర్లలో 09 అనీ 27 అనీ అంకెలు రాసి ఉంటాయి. అవి దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేసినవి. 90 అంటే తూర్పుకి, 270 అంటే పడమరకి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే ఎగురుతుంది. కాబట్టి నైరుతి రుతుపవనాలప్పుడు పడమటి గాలి వీస్తుంటే, మా ఊరి మీద అవి ఎక్కువగా తూర్పు నుంచి పడమరకే పోతాయి.

నానమ్మ వాళ్ళ ఊరు రన్‌వేకి దక్షిణాన ఉంది. అరుగు మీద ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటే ఎడమ చెయ్యి పడమర, కుడి చెయ్యి తూర్పు. అంటే వానాకాలంలో విమానం శబ్దం కుడి నుంచి ఎడమకి పోతుంది. మోనోలో తీస్తే విమానం పెరిగి తగ్గుతుంది, అంతే. స్టీరియోలో తీస్తే గాలి ఎటు వీస్తోందో కూడా రికార్డు అవుతుంది.

ఆగస్టులో ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళి, చేతి రికార్డర్‌ని అరుగు మీద ఉత్తరం వైపు పెట్టి ఊరి శబ్దం కొత్తగా తీశా. కొత్త ప్రాజెక్ట్‌లో నానమ్మ మోనో, మధ్యలో. నా ప్రశ్నలు మోనో, మధ్యలో, కొంచెం తక్కువగా. ఊరు స్టీరియో, కింద పల్చగా. ఎక్స్‌పోర్ట్‌కి ముందు మూడు సార్లు విన్నా: హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, ఒకే ఇయర్‌బడ్‌తో ఒకసారి, ఫోన్‌లో మోనో ఆడియో ఆన్ చేసి ఒకసారి. మూడింట్లోనూ నానమ్మ ఉంటేనే ఫైలు పూర్తయినట్టు. ఈసారి ప్రాజెక్ట్ సేవ్ చేశా. అసలు ఫైళ్ళు రెండు చోట్ల దాచా.

నాన్నకి పంపా. ఎడమ చెవిలోనే విన్నట్టున్నాడు. "ఇప్పుడున్నది మా అమ్మ" అని మెసేజ్ పెట్టాడు.

నానమ్మకి వినిపించడానికి నేనే వెళ్ళా. అరుగు మీద, తన చోట్లోనే, ఉత్తరం వైపు తిరిగి కూర్చుంది. ఇయర్‌బడ్స్ నేనే చెవుల్లో పెట్టా. కేక దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి కనుబొమ్మలు ముడిచింది.

"గీ గాలిమోటరు శబ్దం ఎప్పుడు పట్టినవ్ రా?"

"మొన్న ఐతారమే నానమ్మా."

"అబద్ధం. వానకాలం గాలిమోటర్లు గిట్ల పోవు. ఇది ఎడమ దిక్కుకెల్లి కుడి దిక్కుకు పోతున్నది."

ప్రాజెక్ట్‌లో ఛానల్స్ తారుమారు చేశానేమో అని గాబరాగా ల్యాప్‌టాప్ తెరిచా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ఆమె చెవుల వైపు చూశా. కుడి చెవిలో ఎడమది, ఎడమ చెవిలో కుడిది పెట్టా.

తీసి మార్చి పెట్టా. మళ్ళీ విన్నది. విమానం ఇప్పుడు పడమరకి వెళ్ళింది కాబోలు, తల ఊపింది.

"గిప్పుడు సరిగున్నది. నా గొంతు మాత్రం నువ్వు ఎటు మార్చినా నడిమిట్లనే ఉన్నది రా."